మేస్త్రి తాలూకు ఎవరు?

ఆ పేటలో ఏ తలుపు తాళం పడిపోయినా జనానికి మొదట గుర్తొచ్చేది మేస్త్రే. ఆయనకూ ఒక పేరుండేది గానీ, పిలిచేవాళ్లు లేక అది గుర్తింపు కార్డులోనే ఉండిపోయింది. బస్టాండు వెనక సందులో, ఇస్త్రీ కొట్టుకూ చెప్పుల దుకాణానికీ మధ్య, మనిషి నిలబడితే నిండిపోయే బడ్డీ ఆయనది. గోడ నిండా ఇంకా పళ్లు కోయని తాళంచెవులు మేకులకు వేలాడుతూ, సందులో బండి వెళ్లినప్పుడల్లా గలగలమనేవి. వాటి కింద తాళంచెవులు కోసే మిషను, ఒక స్టూలు. రెండో స్టూలు లేదు. కూర్చోబెడితే జనం కబుర్లలోకి దిగుతారనీ, కబుర్లలోకి దిగితే తిరిగి ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుందనీ ఆయన భయం.

పని నేర్పింది బావ. బావంటే అక్క మొగుడు. తల్లీతండ్రీ లేని బామ్మర్దిని బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిందీ ఆయనే, బడి అబ్బడం లేదని తేలాక తాళాలు తీసే కొక్కెం చేతికిచ్చిందీ ఆయనే. ఆ కొక్కెంతో పాటు రెండు సూత్రాలు కూడా ఇచ్చాడు.

ఒకటి, తలుపు బయట నిలబడ్డవాళ్లకు కంగారు పుట్టించకూడదు. లోపల పొయ్యి మీద పాలు మాడుతున్నా, కొక్కెం విరిగి తాళంలో ఇరుక్కున్నా, అడిగినవాళ్లకు "అయిపోయింది, ఒక్క నిమిషం" అనే చెప్పాలి. వాళ్ల కంగారు మన వేళ్లలోకి దిగితే తాళం రాదు. రెండోది, తాళం తెరుచుకున్నాక తలుపు మనం తియ్యకూడదు. పిడి వదిలేసి, వెనక్కి తిరిగి, మెట్లకేసి చూస్తూ నిలబడాలి. గడప అసలే దాటకూడదు. తాళాలవాడు ఇళ్లలోకి తొంగి చూస్తాడన్న మాట ఒక్కసారి పుట్టిందంటే, ఆ తర్వాత వాడు తాళాలవాడు కాదు, దొంగ.

ఈ రెండు సూత్రాలనూ మేస్త్రి ఎంత నిష్ఠగా పాటించాడంటే, పేటలో సగం తలుపులు తెరిచాడు గానీ ఒక్క గది కూడా చూసి ఎరగడు. మూడో అంతస్తు పచ్చతలుపు మాస్టారి ఇల్లే తీసుకోండి. రిటైరైన లెక్కల మాస్టారు. ఎంత పెద్ద లెక్కయినా నోటితోనే చేస్తాడు, తాళంచెవి మాత్రం లోపల పెట్టి తలుపు లాగేసుకుంటాడు. ఏళ్ల తరబడి మేస్త్రి ఆ తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మాస్టారు వెనకాల నిలబడి, అయిందా మేస్త్రీ అని అడిగేవాడు. అయిపోయింది మాస్టారూ, ఒక్క నిమిషం అని ఈయన అనేవాడు. తెరుచుకున్నాక, లోపలికొచ్చి మంచినీళ్లు తాగి వెళ్లమని ఆయన పిలిచేవాడు. పర్వాలేదండీ అని ఈయన అప్పటికే మెట్లు దిగుతూ ఉండేవాడు.

తలుపుల దగ్గర నేర్చిన మాట మెల్లగా ఇంట్లోకి కూడా వచ్చింది. మేస్త్రికి పెళ్లయింది, కొంతకాలం కాపురం కూడా సాగింది. భార్య చెడ్డది కాదు. కూర ఉప్పెక్కువైందా అంటే పర్వాలేదు. జ్వరమా అంటే పర్వాలేదు. పుట్టింటికి వెళ్లి ఇన్నాళ్లుండి వచ్చాను, ఇబ్బందయిందా అంటే అదీ పర్వాలేదు. నీతో ఉండటం మూసిన తలుపుతో కాపురం చేసినట్టుంది అని ఒకరోజు ఆమె పుట్టింటికి వెళ్లింది, మళ్లీ రాలేదు. తర్వాత ఆమెకు ఇంకో పెళ్లయిందని తెలిసింది. బావ వచ్చి పక్కన కూర్చుని, బాధగా ఉందిరా అని అడిగితే మేస్త్రి ఏమన్నాడో వేరే చెప్పక్కర్లేదు. అక్క పోయింది. తర్వాత బావా పోయాడు. అప్పట్నుంచి మేస్త్రిని బాధగా ఉందా అని అడిగినవాళ్లు లేరు.

అడిగింది చివరికి ఒక గడ్డ. కుడి ముంజేతిలో, మోచేతికి కాస్త కింద, చెయ్యి మిషను మీద ఆనించినప్పుడల్లా లోపల ఏదో గట్టిగా ఒత్తుకునేది. మొదటిసారి ఆసుపత్రిలో కోసి తీసేశారు. కుట్లు మానాయి, మచ్చ తెల్లబడింది. ఆ తర్వాత, ఖాళీ చేసిన అద్దింట్లోకి పాత కాపురమే మళ్లీ దిగినట్టు, గడ్డ అదే చోటికి తిరిగొచ్చింది. ఈసారి ఇంకాస్త సామానుతో.

ఈసారి చూసింది వేరే డాక్టరమ్మ. కత్తి పట్టే డాక్టరు కాదు, స్కానింగులో చూసుకుంటూ సూదులు దించే డాక్టరు. ఆమె కాగితం మీద చెయ్యి బొమ్మ గీసి చెప్పింది. ఇది ఒళ్లంతా పాకే రకం కాదట గానీ, ఉన్నచోట పాతుకుపోయే రకమట, కొరకరాని కొయ్య. మళ్లీ కోస్తే దాంతోపాటు కండ చాలా పోతుంది. అందుకని కొయ్యరు. చర్మం మీద చిన్న గాటు పెట్టి, అందులోంచి సూది గడ్డలోకి దించుతారు. సూదిలోకి వాయువు వదిలితే మొన చుట్టూ మంచు ముద్ద కడుతుంది. గడ్డ ఆ మంచులో బిగుసుకుని చస్తుంది. ఒకసారి గడ్డకట్టించి, కరగనిచ్చి, మళ్లీ గడ్డకట్టిస్తారు. చచ్చినదాన్ని తర్వాత ఒళ్లే కొద్దికొద్దిగా అరిగించేసుకుంటుంది.

మేస్త్రి అంతా విని, తన బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానితో ఒకటి రాస్తూ ఒక్క ప్రశ్న అడిగాడు.

"వీటికి తెలుస్తుందా అమ్మా?"

ఆయన పనేమిటో ఆమె అప్పుడు అడిగింది. ఆయన చెప్పాడు. తాళం తియ్యడమంటే ఒక చేత్తో సన్నటి కమ్మిని మెలితిప్పి పట్టుకుని, రెండో చేత్తో కొక్కెం దూర్చి లోపలి పిన్నుల్ని ఒక్కొక్కటిగా ఎత్తడం. సరైన ఎత్తుకొచ్చిన పిన్ను కాస్త లొంగుతుంది. అది కంటికి కనపడదు, చాలాసార్లు చెవికీ వినపడదు. వేలికే తెలియాలి. అది తెలియకపోతే ఇక మిగిలేది మిషను మీద నకళ్లు కోసుకోవడమే.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆ రెండు వేళ్లకూ వెళ్లే నరం గడ్డను ఆనుకునే ఉందని చెప్పింది. మధ్యలోకి నీళ్లెక్కించి నరాన్ని పక్కకు జరుపుతుంది గానీ, మంచుకు గడ్డేదో నరమేదో తెలియదు. అందుకే ఆయన్ని పూర్తిగా నిద్రపుచ్చదు. మధ్యమధ్యలో వేళ్లు ఆడించమంటుంది, దూదితో తాకి అడుగుతుంది.

"కాస్త తిమ్మిరి అనిపించినా చెప్పాలి. వెంటనే ఆపేస్తాను. కొంత గడ్డ వదిలేద్దామా, ఇంకా ముందుకెళ్దామా అన్నది మీ వాళ్లతో మాట్లాడి చూసుకుందాం. తోడు ఎవరొస్తున్నారు?"

"బావగారు" అన్నాడు మేస్త్రి.

అబద్ధమాడాలని ఆడింది కాదు. బడి దగ్గర్నుంచి పెళ్లిపీటల దాకా తోడు ఎవరని అడిగితే ఆయన నోటికొచ్చే జవాబు అదొక్కటే. వచ్చేసిన మాటను వెనక్కి తీసుకోవాలంటే, ఆ తర్వాత ఇంకా చాలా చెప్పాలి.

సూది దించే రోజు పొద్దున్నే ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్లాడు. అది లేకుండా గుమ్మం దాటితే ఒళ్లు తేలికైపోయి నడక కుదరదు. వరండాలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. ఒక్కో రోగికి ఇద్దరు ముగ్గురు తోడు. ఒకరు ఫైలు పట్టుకుంటే ఒకరు నీళ్ల సీసా పట్టుకున్నారు. ఒక ముసలాయన్నయితే కొడుకూ కోడలూ చెరోవైపు పట్టుకుని, ఎటు నడిపించాలన్న దాని మీద వాదించుకుంటున్నారు. మేస్త్రి పక్క కుర్చీ మీద సంచీ పెట్టాడు. ఎవరో వచ్చి ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగితే, ఉన్నారన్నాడు.

నర్సు వచ్చి, బాబాయ్ నీ తాలూకు ఎవరూ అని అడిగింది. బావగారు కింద టీ తాగుతున్నారని చెప్పాడు. వచ్చాక ఇక్కడే కూర్చోమని చెప్పమంది. సరేనన్నాడు.

స్కానింగు గది చల్లగా ఉంది. పెద్ద చట్రం లాంటి మిషను మధ్యలోకి దూరేలా సన్నటి బల్ల. కుడి చెయ్యి చాపి, అటూ ఇటూ ఆకుపచ్చ గుడ్డలు కప్పి, వేళ్లు మాత్రం బయటికి ఉంచారు. మచ్చ పక్కన మత్తు సూది గుచ్చినప్పుడు చురుక్కుమంది. ఆ తర్వాత లోపల ఏదో నెడుతున్నట్టు తెలిసిందే గానీ నొప్పి లేదు. మంచుకు పైచర్మం మాడిపోకుండా, నర్సు ఒక రబ్బరు చేతి తొడుగులో గోరువెచ్చని నీళ్లు నింపి, మూతి ముడేసి ముంజేతి మీద పెట్టింది. అయిదు వేళ్లూ ఉబ్బి, అచ్చం ఎవరో చెయ్యి వేసినట్టుంది. చల్లారగానే తీసి ఇంకోటి పెట్టేది. తన చెయ్యి మీద మరో వెచ్చటి చెయ్యి అంతసేపు ఉండటం మేస్త్రికి ఎప్పటి జ్ఞాపకమో. అది రబ్బరుదని తెలిసినా, మార్చినప్పుడల్లా రెండోది వచ్చేదాకా ఆయన దాని కోసం ఎదురుచూశాడు.

తెర మీద గడ్డ మధ్యలో నల్లగా కోడిగుడ్డంత నీడ పెరిగింది. అదే మంచు అని డాక్టరమ్మ చెప్పింది. వేళ్లు ఆడించమంది, ఆడించాడు. దూదితో తాకి తెలుస్తోందా అంది. తెలుస్తోందన్నాడు. అది నిజమే. కరగనిచ్చారు. మళ్లీ మొదలుపెట్టారు.

రెండోసారి నీడ కాస్త వెడల్పుగా పెరుగుతుండగా బొటనవేలి కొస మీద ఇనుపరజను పేరుకున్నట్టు అనిపించింది. తుడిస్తే పోయేదాన్లా ఉంది. కాసేపటికి చూపుడువేలికీ అదే. మేస్త్రికి వెంటనే తెలిసింది. లోకంలో ఆయనకు వెంటనే తెలిసే సంగతి ఏదైనా ఉందంటే అది ఆ రెండు వేళ్ల సంగతే.

"బాగానే ఉందా?" అని వెనక నుంచి డాక్టరమ్మ అడిగింది.

మనిషి కనపడలేదు, గొంతు మాత్రం వచ్చింది. పనిలో ఉన్నవాడికి వెనకాల నిలబడ్డవాళ్లు వేసే ప్రశ్న అది. ముప్ఫయ్యేళ్లుగా దానికి ఒకటే జవాబు.

"పర్వాలేదమ్మా. కానివ్వండి."

ఆమె ఊరుకోలేదు. ముందుకొచ్చి దూదితో బొటనవేలిని తాకి, తెలుస్తోందా అని మళ్లీ అడిగింది. గుడ్డల అవతల దూది తన వేలిని తాకడం మేస్త్రి కంటితో చూశాడు. వేలికి తెలియలేదు. లేదు అంటే ఆపేస్తారు. ఆపి, బయటికెళ్లి, మేస్త్రి తాలూకు ఎవరని అడుగుతారు. ఖాళీ కుర్చీ కనపడుతుంది.

"తెలుస్తోంది" అన్నాడు.

నర్సు తొడుగు మార్చింది. వెచ్చటి చెయ్యి మళ్లీ వచ్చి కూర్చుంది.

పని అయ్యాక పక్క వార్డులో పడుకోబెట్టారు. కట్టు కింద చెయ్యి బరువెక్కి సలపడం మొదలైంది. మేస్త్రి ఎడమ చేత్తో మంచం కింద సంచీ తడిమి, కొక్కెం తీసి కుడి వేళ్ల మధ్య పెట్టుకున్నాడు. చూస్తే ఉంది. కళ్లు మూసుకుంటే లేదు. మళ్లీ కళ్లు తెరిచాడు, ఉంది. అలా చాలాసార్లు చూశాడు.

ఆ సరికే వరండాలో మైకు పిలుస్తోంది. మేస్త్రి గుర్తింపు కార్డు పేరు, ఆ పేరు తాలూకు ఎవరున్నా రావాలని. ఆ పేరు అంత గట్టిగా వినపడటం ఆయనకే కొత్తగా ఉంది. మళ్లీ పిలిచింది. నర్సు తలుపు దగ్గర నిలబడి, బాబాయ్, మీ బావగారు టీ తోటకే వెళ్లారా ఏంటి, మందులు రాసివ్వాలి, ఎలా చూసుకోవాలో చెప్పాలి, తోడు లేందే ఇంటికి పంపరు అంది.

"ఆయన రారమ్మా" అన్నాడు మేస్త్రి. "ఆయన పోయి చాలా కాలమైంది."

నర్సు నవ్వబోయి ఆగింది. వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ దూది తెచ్చి, ఈసారి ఆయన్ని కళ్లు మూసుకోమంది. తాకిందో లేదో ఆయనకు తెలియలేదు. తాకినప్పుడు చెప్పమంటే ఊరికే పడుకున్నాడు.

ఎప్పుడు మొదలైందని అడిగింది. రెండోసారి మంచు పెట్టినప్పుడని చెప్పాడు.

"మరి నేనడిగితే తెలుస్తోందన్నారు కదా."

"మీరు కంగారు పడతారని."

ఆమె దూది పక్కన పడేసింది.

"కంగారు పడటానికే కదండీ నేనక్కడున్నది" అంది.

మేస్త్రి ఇన్నేళ్లలో ఇలాంటి మాట వినలేదు. దానికి ఏమనాలో బావ నేర్పలేదు.

తోడు ఎవరినో ఒకరిని పిలవమన్నారు. ఫోను తీశాడు. అందులో మనుషులకు కొదవలేదు గానీ, ఉన్నవన్నీ తలుపులే. మూడో అంతస్తు పచ్చతలుపు. బేకరీ షట్టరు. రెండు తాళాల లాయరు. విరిగిన గొళ్లెం, బ్యాంకు ఎదురిల్లు. ఎవరికి చేసినా ముందుగా ఎప్పుడొస్తావు మేస్త్రీ అంటారు. చివరికి ఆ ఫోనులో లేని నంబరు ఒకటి గుర్తొచ్చింది. ఇస్త్రీ కొట్టు బోర్డు మీద పెద్ద అంకెలతో రాసి ఉండేది, బడ్డీలోంచి చూస్తే పొద్దస్తమానం అదే కనపడేది.

ఇస్త్రీ కొట్టు ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని సందంతా అంటుంది. మేస్త్రి ఆవిడను చెల్లెమ్మా అంటాడు గానీ, గోడకు మేకు కొట్టేముందు చెప్పడం తప్ప పెద్దగా మాట్లాడింది లేదు. ఆవిడ కొట్టు మూసి, చేతికంటిన గంజి కూడా కడుక్కోకుండా వచ్చింది. నర్సు వరండాలోనే మొత్తం కథ చెప్పేసినట్టుంది.

"చచ్చినాయన్ని తోడు తెచ్చుకున్నావటగా అన్నా" అంది మంచం దగ్గరికొస్తూనే. "మందులు కూడా ఆయనే తెస్తాడా, నన్ను వెళ్లిపొమ్మంటావా?"

మేస్త్రి గోడకేసి చూశాడు.

"గోడకి ఇవతల నేను, అవతల నువ్వు. అడగందే అమ్మయినా పెట్టదు. నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయనా?"

నర్సు కాగితాలు తెచ్చి, మీరు ఈయనకేమవుతారండీ అని అడిగింది. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, పక్కకొట్టు అంది. నర్సు అదే రాసుకుంది.

కొన్నాళ్లు చెయ్యి వాచి, రాత్రీ పగలూ సలిపింది. తర్వాత వాపు తీసింది. మళ్లీ స్కానింగు తీసినప్పుడు గడ్డ చచ్చిపడి ఉందని, అంచులు కుంచించుకుంటున్నాయని చెప్పారు. మంచు తన పని తను చేసింది. నరం సంగతి మాత్రం డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. పైతొడుగు చెడలేదు, లోపలి పోగు మళ్లీ పాకుతుంది. నెలలు పడుతుంది. పూర్తిగా వస్తుందని మాత్రం మాటివ్వలేనంది. ఏ మాత్రం తేడా తెలిసినా ఫోను చెయ్యమని, పర్వాలేదు అనే మాట తన దగ్గర చెల్లదని కూడా అంది. మేస్త్రి ఫోనులో సూదుల డాక్టరమ్మ అనీ, పక్కకొట్టు అనీ రెండు నంబర్లు కొత్తగా చేరాయి. తలుపులు కానివి ఆ రెండే.

మిషను పనికి కళ్లు చాలు, కాబట్టి బడ్డీ తెరిచాడు. తలుపుల పిలుపులకు మాత్రం వేరేవాళ్లను చూసుకోమని చెప్పేవాడు. సాయంత్రాలు గదిలో మంచం మీద కూర్చుని, ఒళ్లో పాత తాళం పెట్టుకుని కుడి చేత్తో ప్రయత్నించేవాడు. వేరేవాళ్ల చెయ్యి అరువు తెచ్చుకున్నట్టుండేది. లోపల పిన్నులున్నాయని తెలుసు, అవి ఏమంటున్నాయో తెలియదు. తర్వాత చేతులు మార్చాడు. మెలితిప్పి పట్టుకోవడానికి పెద్దగా స్పర్శ అక్కర్లేదు, ఆ పని కుడిచేతికిచ్చాడు. కొక్కెం ఎడమచేతికిచ్చాడు. ఎడమచేతికి తెలుస్తుంది గానీ, చెప్పడం రాదు. ముప్ఫయ్యేళ్లుగా దాన్నెవరూ ఏమీ అడగలేదు. ఎదురింటి దీపాలు వెలిగి ఆరేవి. తాళం ఒక్కోరోజు వచ్చేది, ఒక్కోరోజు వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం పచ్చతలుపు మాస్టారు ఫోను చేశాడు. సంగతి మామూలే. వేరేవాళ్లను పిలుచుకోమని చెప్పబోతే, నాకు వేరేవాళ్లు తెలియదు మేస్త్రీ అన్నాడాయన. మేస్త్రి సంచీ తీసుకుని బయల్దేరాడు.

పచ్చతలుపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుడి చేత్తో కమ్మి మెలితిప్పి పట్టుకున్నాడు, ఎడమ చేత్తో కొక్కెం దూర్చాడు. మొదటి పిన్ను లొంగినట్టే లొంగి జారిపోయింది. కమ్మి మీద బొటనవేలు ఎంత నొక్కుతోందో తెలియక, కంటితో చూసుకోవాల్సి వచ్చింది. మళ్లీ మొదటికొచ్చాడు. మెడ మీద చెమట పట్టింది. కింది అంతస్తులో ఎవరో కుక్కరు దించారు.

"అయిందా మేస్త్రీ?" అన్నాడు వెనకాల నుంచి మాస్టారు.

అలవాటైన మాట నోటిదాకా వచ్చింది. మేస్త్రి కొక్కెం బయటికి తీశాడు.

"లేదు మాస్టారూ" అన్నాడు, తలుపుకేసి చూస్తూనే. "నా వేళ్లు మొద్దుబారాయి. ఈసారి ఆలస్యమవుతుంది. రాకపోయినా రాకపోవచ్చు."

మేస్త్రి తిరిగి చూడలేదు. వెనకాల బట్టలు రాసుకున్న చప్పుడు, ముసలి మోకాళ్లు మడతపడుతున్న మూలుగు. మాస్టారు మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకేం తొందర. లోపల ఎదురుచూసేవాళ్లు ఎవరున్నారు" అన్నాడు. ఏమైంది వేళ్లకు అని అడిగాడు.

మేస్త్రి చెప్పాడు. తలుపుకే చెబుతున్నట్టు, మధ్యమధ్యలో ఆగుతూ, కొక్కెం కదుపుతూ చెప్పాడు. గడ్డ సంగతి, సూది సంగతి, కోడిగుడ్డంత మంచు సంగతి. రబ్బరు చెయ్యి సంగతి కూడా చెప్పాడు. దూది తాకితే తెలియకపోయినా తెలుస్తోందన్న దగ్గర చాలాసేపు ఆగాడు. మాస్టారు తొందరపెట్టలేదు. ఎండ కిటికీలోంచి ఒక మెట్టు దిగింది.

చెప్పడం అయిపోయాక కూడా తాళం రాలేదు. ఇంకా చాలాసేపు పట్టింది. వచ్చినప్పుడు ఎడమచేతి బొటనవేలికి తెలిసింది, చిన్నగా. మేస్త్రి పిడి వదిలేసి, లేచి, వెనక్కి తిరిగి మెట్లకేసి నిలబడ్డాడు.

మాస్టారు తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు. తలుపు వెయ్యలేదు. కాసేపటికి గ్లాసుతో నీళ్లు తెచ్చి, నువ్వు లోపలికి రావులే అన్నాడు. మళ్లీ వెళ్లి, చెక్కకుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి గడప ఇవతల వేశాడు.

మేస్త్రి గ్లాసు కుడిచేత్తో అందుకున్నాడు. చల్లదనం మూడో వేలి నుంచే తెలుస్తోంది. జారకుండా ఎడమ చెయ్యి కింద పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు.